పడగొట్టడమా, విప్పడమా?

పిల్లలూ!

మాది నెల్లూరుకు తూర్పున, రాత్రిపూట సముద్రపు హోరు వినిపించేటంత దగ్గరలో వున్న పల్లె. కిందటి నెల మా వీధి చివర ఒక పాత పెంకుటిల్లు తీసివేసి కొత్తది కట్టడానికి పూనుకున్నారు. ఈ సంగతి తెలిసి వీధిలోని పిల్లలందరూ అక్కడ చేరారు. జే.సీ.బీ. ఎప్పుడు వస్తుందా అని వాళ్ళ ఎదురుచూపు. ఆ పసుపుపచ్చ యంత్రం ఒక్క తోపుతో గోడను పడదోస్తుంటే చూడడం వాళ్ళకు తిరణాల చూసినంత సంబరం.

వాళ్ళలో ఏడో తరగతి చదివే కుర్రవాడు ఒకడు నా దగ్గరికి వచ్చి, "అయ్యోరా, పడగొట్టినాక ఈ గోడంతా యాడికి పోతుంది?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. తెలియక కాదు. తెలుసు గనుకనే నోరు రాలేదు. ఆ కథ మీకు చెబుతాను.

2015వ సంవత్సరం ఎండాకాలంలో నేను మా ఇంటి పాత వంటిల్లు తీసివేసి కొత్తది కట్టించాను. అప్పటికింకా బడిలో హెడ్‌మాస్టరు పని చేస్తున్నాను. యంత్రం వచ్చింది. రెండు గంటల్లో వంటిల్లు కూలిపోయింది. ఇటుకలు, మట్టి, గచ్చు, కొయ్య, పెంకులు అన్నీ కలిసి ఒకే కుప్ప. ఆరు ట్రాక్టర్లకు ఎత్తి పంపించాను. "ఎక్కడ పోస్తావయ్యా?" అని ట్రాక్టరు అబ్బిని అడగలేదు. నా వాకిలి శుభ్రమయింది, అంతే చాలుననుకున్నాను.

ఆ ఏడు నవంబరులో నెల్లూరు సీమలో కుండపోత వానలు కురిశాయి. మీ అమ్మానాన్నలకు జ్ఞాపకం వుండే వుంటుంది. మా ఊరి చెరువు నిండింది. చెరువు నిండితే మిగులు నీరు కలుజు మీదుగా దిగి, కాలువ వెంట సముద్రం వైపు పోవాలి. ఈసారి అది పోలేదు. ఎగదన్ని, కాలువ గట్టున వున్న ఇళ్ళలోకి వచ్చింది. దేవుడి దయవల్ల ప్రాణనష్టం జరగలేదు. కాని ఆ ఇళ్ళవాళ్ళు మూడు రోజులు మా బడి వరండాలోనే తలదాచుకున్నారు. వాళ్ళలో పదో తరగతి చదివే మా బడి పిల్ల ఒకతె వుంది. తడిసి ముద్దయిన పుస్తకాలను బెంచీల మీద పరిచి, ఒక్కొక్క పేజీనే విడదీసి ఆరబెట్టుకుంటూ కూర్చున్నది.

వాన వెలిశాక కాలువలో పూడిక తీశారు. చూడడానికి నేనూ వెళ్ళాను. గట్టు మీద పోసిన మట్టిలో ఆకుపచ్చని గచ్చు ముక్క ఒకటి కనిపించింది. దాని అంచున నల్లని గీత వుంది. అది మా నాయన మా వంటింట్లో వేయించిన గచ్చు. ఊళ్ళో మరి ఏ ఇంట్లోనూ ఆ రంగు లేదు.

ఆ ముక్క తీసుకుని వెళ్ళి, ఆ అమ్మాయికి చూపించి, వున్న సంగతి చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె అని వుంటేనే నాకు తేలికగా వుండేది. ఆ ముక్క ఇప్పటికీ నా రాతబల్ల మీద వుంది.

అందుచేత ఆ కుర్రవాడితో, "ఈసారి గోడ ఎక్కడికి పోతుందో ఇద్దరం చూద్దాం, రా" అన్నాను.

మేము వెళ్ళేసరికి ఇంటాయన, పెద్ద బేల్దారి మేస్త్రి మాట్లాడుకుంటున్నారు. "మిషనయితే ఒక పూట పని. మనుషుల్ని పెడితే వారం పడుతుంది. కూలి ఎవురిస్తారు?" అంటున్నాడు ఇంటాయన. మేస్త్రి గోడ దగ్గరికి పోయి, అతుకును గోటితో గీరి చూపించాడు. "ఇది సున్నం గోడ సామీ. దీన్ని పడగొట్టకూడదు, విప్పాల. వెనకాల వంటిల్లుండాదే, అది సిమెంటుది. దానికి మిషన్ పెట్టుకో" అన్నాడు.

పడగొట్టడం, విప్పడం! ఎంత తేడా వుందో చూశారా ఈ రెండు మాటలకు? మూటను విప్పితే లోపలి వస్తువులు దక్కుతాయి. అదే మూటను బండకేసి కొడితే ఏం దక్కుతుంది? ఇంటాయన కాసేపు లెక్క వేసుకుని, సరేనన్నాడు. ముందు భాగం మనుషులు విప్పడం, వెనక భాగం యంత్రం తీయడం అని నిర్ణయమయింది.

ఇల్లు విప్పడానికి ఒక వరుస వుంది. కట్టిన వరుసకు అది తిరగవరుస. చివర పెట్టినది ముందు తీయాలి. మొదట తలుపులు, కిటికీలు వూడదీశారు. తరువాత బంగాళా పెంకులు ఒక్కొక్కటే దించారు. పెంకుల తరువాత వాసాలు, వాసాల తరువాత తాటి దూలాలు. ఆఖరికి గోడ, పైవరుస నుంచి కిందికి. తీసిన ప్రతి వస్తువుకూ వేరే చోటు. ఇటుకల దొంతి ఒకచోట, ముక్కలు ఒకచోట, కొయ్య ఒకచోట, ఇనుము ఒకచోట. పిల్లలను తాడు కట్టి అవతల నిలబెట్టాము. పాత మేకులకు, పడే పెంకులకు చిన్నా పెద్దా తేడా తెలియదు కదా!

మేస్త్రి చిన్న సుత్తితో అతుకు మీద తట్టేవాడు. సున్నం పొడిపొడిగా రాలి, ఇటుక నిండుగా చేతికి వచ్చేది. మూడో నాడు యంత్రం వచ్చి వెనకాల సిమెంటు గోడను తోసింది. అక్కడ నిండు ఇటుక పదింటికి ఒకటి కూడ దక్కలేదు. ఇటుక ఇటుకను కరచుకుని, ముక్కలు ముక్కలుగా పగిలిపోయాయి.

"రెండూ ఇటుక గోడలే గదా, అయ్యోరా! ఇదెందుకు ఇట్టా, అదెందుకు అట్టా?" అన్నాడు మన కుర్రవాడు.

దీనికి జవాబు మన సముద్రపు ఒడ్డునే దొరుకుతుంది. ఒడ్డున మీరు ఏరుకునే గుల్లలు కాల్షియం కార్బొనేటు అనే పదార్థంతో తయారైనవి. మన సీమకు దక్షిణాన వున్న పులికాట్ సరస్సు అడుగున ఇటువంటి గుల్లలు పొరలు పొరలుగా పడివున్నాయి. బకింగ్‌హాం కాలువలో పడవలు తిరిగిన రోజుల్లో ఈ గుల్లలు, కట్టెలు, ఉప్పు ఆ కాలువ మీదనే మద్రాసుకు వెళ్ళేవి.

గుల్లను సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే, దానిలోని బొగ్గుపులుసు వాయువు, అంటే మీ పుస్తకాల్లోని కార్బన్ డై ఆక్సైడు, బయటికి పోతుంది. 100 గ్రాముల గుల్లలో 44 గ్రాములు ఈ వాయువుగా ఎగిరిపోయి, 56 గ్రాముల పొడిసున్నం మిగులుతుంది. దానిలో నీళ్ళు పోస్తే సలసల కాగి తడిసున్నం అవుతుంది. తడిసున్నంలో ఇసుక కలిపి, ఎద్దుల గానుగలో రుబ్బి, ఇటుకల మధ్య పెట్టేవారు. ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పీల్చుకుని, మళ్ళీ గుల్లలో వున్న పదార్థంగానే మారిపోతుంది. అది గట్టిపడుతుంది గాని, ఇటుక కంటె మెత్తగానే వుంటుంది. దెబ్బ తగిలితే అతుకే వూడుతుంది, ఇటుక మిగులుతుంది.

సిమెంటు వేరు. సున్నపురాయి, బంకమట్టి కలిపి సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్చి, పొడి చేసి దాన్ని తయారు చేస్తారు. అది నీటితో కలిసి గట్టిపడుతుంది. దాని అతుకు చాలాచోట్ల ఇటుక కన్న బలంగా వుంటుంది. అందుచేత దెబ్బ తగిలితే పగిలేది ఇటుకే. ఇది సిమెంటు తప్పు కాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెనుతుపానును చూసినవాడినెవడినైనా అడగండి, గట్టి ఇంటి విలువ చెబుతాడు. గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలిలో పూరిళ్ళూ పెంకుటిళ్ళూ ఏమయినాయో మా మేస్త్రికి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు వుంది. తుపాను మరునాడు వాళ్ళ నాయన చేలల్లో తిరిగి పగలని పెంకులు ఏరుకొచ్చి, వాటితోనే మళ్ళీ ఒక గదికి కప్పు వేశాడట. సిమెంటు వాడాలి. కాని వాడినదాన్ని విప్పడం కష్టమని తెలిసి వాడాలి.

ఇక ఇటుక సంగతి. బంకమన్ను బట్టీలో వెయ్యి డిగ్రీలకు దరిదాపు వేడిలో కాలితే ఇటుక అవుతుంది. సున్నం మళ్ళీ గుల్లరాయి అవుతుంది గాని, కాలిన ఇటుక మళ్ళీ మన్ను కాదు. వేల ఏళ్ళనాటి కుండపెంకులు నేలలో అట్లాగే దొరకడం మీరు వినే వుంటారు. అంటే ఒక ఇటుకను పారేస్తే, పంట పండే మన్నునూ, దాన్ని కాల్చిన కట్టెలనూ, చేసిన మనిషి చెమటనూ కూడ పారేసినట్టే. పైగా అది ఎక్కడ పడితే అక్కడే కరగకుండా వుండిపోతుంది, మా కాలువలో గచ్చు ముక్క వున్నట్టు.

పాతది తిరిగి వాడడం మంచిదే. అయితే కళ్ళు మూసుకుని వాడడం మంచిది కాదు. దీనికి మన ఆంధ్రదేశంలోనే ఒక పెద్ద ఉదాహరణ వుంది. 1790 ప్రాంతాల్లో రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కృష్ణ ఒడ్డున అమరావతిలో కొత్త పట్నం కట్టించాడు. కట్టడానికి ఇటుకలు, రాళ్ళు కావలసి వచ్చి, పనివాళ్ళు దగ్గరలో వున్న ఒక దిబ్బను తవ్వారు. అది ఉత్త దిబ్బ కాదు, సుమారు రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధస్తూపం! కొన్ని శిల్పాలు గోడల్లోకి పోయాయి. కొన్నిటిని సున్నం కోసం కాల్చివేశారు. ఆ శిల్పాలు చెక్కినది సున్నపురాతి మీద. మన గుల్లలాగే అదీ కాల్షియం కార్బొనేటే. బట్టీలో పడ్డాక రాయికీ, గుల్లకూ, బొమ్మకూ తేడా ఏముంది? 1798 ప్రాంతంలో కర్నల్ మెకంజీ అక్కడికి వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి శిల్పాలకు బొమ్మలు వేయించాడు. మిగిలినవి ఈనాడు చెన్నైలోనూ, లండనులోనూ, అమరావతిలోనూ మ్యూజియములలో వున్నాయి.

అదే చూసి, గుర్తు పెట్టుకుని విప్పితే ఎట్లా వుంటుందో అలంపురం వెళితే తెలుస్తుంది. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లి సంగమేశ్వరాలయం వుండేది. శ్రీశైలం జలాశయం నీటిలో అది మునిగిపోతుందని తెలిసి, గుడిని రాయి రాయిగా విప్పి, అలంపురానికి తెచ్చి, మళ్ళీ పేర్చి నిలబెట్టారు. అమరావతిలోనూ పాత కట్టడమే, అలంపురంలోనూ పాత కట్టడమే. ఒకచోట కొట్టారు, ఒకచోట విప్పారు.

మన పెంకుటింటికి తిరిగి వద్దాం. తీసిన ఇటుకల్లో ఏది పనికివస్తుందో ఎట్లా తెలుసుకోవడం? మేస్త్రి, నేను కలిసి పిల్లలకు మూడు పరీక్షలు నేర్పాము. పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని మీరూ చేయవచ్చు.

ఒకటి, మోత పరీక్ష. రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి మెల్లగా తట్టండి. ఖంగుమని మోగితే మంచిది. బద్దచప్పుడు వస్తే లోపల పగులు వుందన్నమాట.

రెండు, నీటి పరీక్ష. బాగా ఎండిన ఇటుకను తూచండి. ఒక పగలూ ఒక రాత్రీ నీటిలో ముంచి వుంచి, పైనీరు తుడిచి మళ్ళీ తూచండి. మామూలు ఇటుక తన బరువులో నూటికి ఇరవై వంతులకు మించి నీరు తాగకూడదు. అంటే రెండున్నర కిలోల ఇటుక మూడు కిలోలు దాటకూడదు.

మూడు, ఉప్పు పరీక్ష. మన తీరంలో ఇది ముఖ్యం. పళ్ళెంలో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, ఇటుకను నిలువుగా వుంచండి. నీరు ఇంకి, ఆరిపోయినాక చూడండి. ఇటుక మీద తెల్లని పూత వస్తే దానిలో ఉప్పు చేరిందని అర్థం. పూత ఎక్కువగా వుంటే అటువంటి ఇటుక గోడకు పనికిరాదు. తోటలో దారికి పరచుకోవచ్చు. సముద్రపు ఇసుక ఇంటికి వాడవద్దనడానికీ ఇదే కారణం. దానిలోని ఉప్పు స్లాబులోని ఇనుమును తుప్పు పట్టిస్తుంది.

ఈ పరీక్షలతో ఏరగా 3,200 నిండు ఇటుకలు తేలాయి. లెక్కపెట్టినది పిల్లలే. ఇటుక రెండున్నర కిలోల చొప్పున మొత్తం బరువెంతో కట్టండి చూద్దాం! 8,000 కిలోలు, అంటే ఎనిమిది టన్నులు. అంత బరువు కాలువలో పడకుండా నిలిచిపోయింది. ఆ ఇటుకలతో కొత్త ఇంటికి ప్రహరీ గోడ లేచింది. పాత టేకు తలుపు దేవుడి గదికి అమిరింది. పెంకులు పశువుల కొట్టం మీదికి ఎక్కాయి. ఇటుక ముక్కలూ, సిమెంటు ముక్కలూ కొత్త ఇంటి నేల మెరక చేయడానికి పనికివచ్చాయి. కూలి డబ్బు ఎంతయిందో, కొత్త ఇటుకలు కొనకుండా ఎంత మిగిలిందో ఇంటాయన కాగితం మీద వేసి చూసుకున్నాడు. "నష్టం లేదు అయ్యోరా" అన్నాడు నవ్వుతూ.

పెద్దలకు కూడ ఒకటి రెండు మాటలు. ఇల్లు కట్టడం పూర్తయినాక మిగిలే సరుకు సంగతి ముందే ఆలోచించుకోండి. సిమెంటు బస్తా దాచుకునే వస్తువు కాదు. గాలిలోని చెమ్మ తగిలి మూడు నెలల్లోనే సుమారు అయిదో వంతు బలం పోతుంది. మన సముద్రపు గాలికి అది ఇంకా త్వరపడుతుంది. మీకు అక్కరలేని బస్తా ఈ వారమే పక్కింటివారికి ఇవ్వండి. మిగిలిన ఇసుక, కంకర, గచ్చుబిళ్ళలు కూడ అంతే. కాని పాత సిమెంటు రేకుల జోలికి మాత్రం పిల్లలను పోనివ్వకండి. వాటిలో ఆస్‌బెస్టాస్ వుండవచ్చు. పగలగొడితే లేచే ధూళి ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం.

ఇది మన ఊళ్ళ సంగతే కాదు. ఇళ్ళు కట్టేటప్పుడూ, పడగొట్టేటప్పుడూ వచ్చే చెత్త కోసమే కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. ఇటువంటి చెత్త పెద్ద ఎత్తున వచ్చేచోట కాంక్రీటు, మట్టి, ఇనుము, కొయ్య, ప్లాస్టిక్కు, ఇటుక, అతుకు సున్నం వంటివాటిని కలపకుండా విడివిడిగా వుంచాలని వాటిలో చెప్పారు. 2025లో వాటి స్థానంలో కొత్త నియమాలు ప్రకటించారు. హైదరాబాదులో జీడిమెట్ల దగ్గర రోజుకు 500 టన్నుల ఇటువంటి చెత్తను పిండి, కంకరగా, ఇసుకగా మార్చే కర్మాగారం 2020లో మొదలయింది. పాత కాంక్రీటును పిండి చేసిన కంకరను, ఇనుము లేని కాంక్రీటులో మొత్తం కంకరకు నాలుగో వంతు దాకా వాడవచ్చునని మన దేశపు ప్రమాణాలు 2016లోనే ఒప్పుకున్నాయి. అయితే ఆ యంత్రాలకైనా ముందు వేరు చేసి ఇస్తేనే పని సులువు. వేరుగా వుంటే సరుకు, కలిసిపోతే చెత్త. ఇంత పెద్ద కర్మాగారానికీ, మా మేస్త్రి చిన్న సుత్తికీ సూత్రం ఒకటే.

అన్నీ పోగా ఒక్క ట్రాక్టరు మట్టి మిగిలింది. ట్రాక్టరు బయలుదేరబోతుంటే మన ఏడో తరగతి కుర్రవాడు దానికి అడ్డంగా నిలబడ్డాడు. "అన్నా, యాడ పోస్తావు?" అని అడిగాడు. నేను ఆనాడు అడగని ప్రశ్న అది! ట్రాక్టరు అబ్బి నవ్వి, కాలువ వైపు చెయ్యి చూపించాడు. కుర్రవాడు తల అడ్డంగా వూపి, బడి వెనకాల వాన నీరు నిలిచే గుంటను చూపించాడు. హెడ్‌మాస్టరు గారు సరేనన్నారు. మట్టి అక్కడ పడింది. ఇప్పుడు పిల్లలు అక్కడ కబాడీ ఆడుతున్నారు.

పిల్లలూ! మీ వీధిలో ఎవరైనా ఇల్లు పడగొడుతున్నారా? దూరాన నిలబడి చూడండి. దానిలో ఏమేమి వస్తువులున్నాయో కాగితం మీద రాయండి. ఏది ఎక్కడికి పోయిందో దాని ఎదురుగా రాయండి. తెలియకపోతే పెద్దలను అడగండి. ఒక ట్రాక్టరు ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేకపోతే, వానాకాలం రాకముందే మీ ఊరి కాలువ ఒకసారి చూసి రండి. మీరు రాసిన కాగితం నాకు పంపండి. నా బల్ల మీద ఆకుపచ్చ గచ్చు ముక్క కింద దాచిపెడతాను.

మీ మాష్టారు